రెండు బోల్టుల పంచాయితీ

కారు నంబరు ప్లేటు ఊడిపోకుండా ఏ స్క్రూ వాడాలి? ఐదు నిమిషాల్లో తేలాల్సిన సంగతి. బోరబండలో హార్డ్‌వేర్ షాపు నడిపే ఒక మేనమామకూ, మాదాపూర్ ఆఫీసులో కంప్యూటర్ నెట్‌వర్కులు చూసే అతని మేనల్లుడికీ మధ్య అది తేలలేదు. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే. బోల్టులు, నిబంధనలు, లెక్కలు మాత్రం కల్పన కావు. చోటు బోరబండే ఎందుకంటే, ఎంఎంటీఎస్ రైల్లో దాని పక్క స్టేషనే హైటెక్ సిటీ. పానా పట్టే మామలు, కీబోర్డు కొట్టే అల్లుళ్ళు ఒకే ఇంట్లో ఉండే బస్తీలు ఇక్కడ చాలా ఉన్నాయి.

కారు 2012 మోడల్ చిన్న బండి. ఏపీ 09 నంబరు. ముందు బంపర్‌కు రంగు వేయించినప్పుడు షెడ్డువాళ్ళు ప్లేటు స్క్రూలు ఎక్కడో పారేశారు.

అల్లుడు: మామా, నంబరు ప్లేటుకు స్క్రూలు కావాలె. ముందట రెండు, ఎనుక రెండు. స్టీల్‌వి ఇయ్యి, జంగు పట్టొద్దు.

మామ: ముందటివి వేరే, ఎనుకవి వేరే. ఏ బండికి పోయినా నాలుగూ ఒక్క తీరువి అడుగుతరు. ఎనుక డిక్కీ రేకుల కంపెనీవాడే నట్టు బిగించి పెడ్తడు. ఎక్కువ బండ్లల్ల అది ఎమ్ సిక్స్, థ్రెడ్డుకు థ్రెడ్డుకు నడుమ ఒక మిల్లీమీటరు. దానికి 16 మిల్లీల పొడుగు బోల్టు సరిపోతది. ముందట బంపర్ ప్లాస్టిక్, అక్కడ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ. అది తన దారి తానే కోసుకుంట పోతది. మనోళ్ళు ఏం చేస్తరంటే, దొరికిన సెల్ఫ్ ట్యాపింగ్‌నే తెచ్చి ఎనుక నట్టుల ఎక్కిస్తరు. థ్రెడ్డు నాశనం. మల్ల నా దగ్గరికే వచ్చి, మామా బోల్టు తిరుగుతనే ఉంది గాని పట్టుకుంటలేదు అంటరు.

అల్లుడు: సరే, వేరే వేరే ఇయ్యి. గట్టియి ఇయ్యి.

మామ: గట్టియి అంటే?

అల్లుడు: బలమైనయి. స్పీడుబ్రేకర్ల మీద ఊడొద్దు.

మామ: నీ ప్లేటు తూకమెంతో ఎరుకనా?

అల్లుడు: ఆగు, లెక్క చేస్త. కార్లకు పొడుగు ప్లేటు 500 మిల్లీలు, ఎత్తు 120. అల్యూమినియం రేకు ఒక మిల్లీ మందం. అంటే 60 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. మొత్తం 162 గ్రాములు.

మామ: ఇప్పుడు స్టెయిన్‌లెస్ ఎమ్ సిక్స్ బోల్టు ఎంత బరువు మోస్తదో చూడు.

అల్లుడు: ఏ2-70 రకమైతే చదరపు మిల్లీమీటరుకు 700 న్యూటన్లు. ఎమ్ సిక్స్‌కు లెక్కలకొచ్చే వైశాల్యం 20 చదరపు మిల్లీలు. 14 వేల న్యూటన్లు. అంటే... మామా, ఒక్క బోల్టు తెగాలంటే 1400 కిలోలు ఏలాడాలె!

మామ: నీ కారే అంత బరువు ఉండదు. 162 గ్రాముల రేకుకు బోల్టు బలం కాదు బిడ్డా కావాల్సింది. బోల్టు తెగి ప్లేటు పడిపోయిన బండిని నేను సూడనే లేదు. వణుకుకు బోల్టు మెల్లగ లూజైతది. లేకుంటే రేకుకున్న బెజ్జం పెద్దగై బోల్టు తల దాంట్లకెల్లి బయటికొస్తది. గందుకే తల ఎడల్పు ఉండాలె, కింద ఎడల్పు వాచరుండాలె. కొందరు అందానికని చెక్కల కూసునే రకం, తల లోపలికి దిగే స్క్రూ అడుగుతరు. ఒక మిల్లీ రేకుల అది ఎక్కడ దిగుతది? రేకును చీలుస్తది.

అల్లుడు: అంత తక్కువ బరువైతే డబుల్ సైడ్ టేపు పెట్టినా ఆగుతది కదా. ఔటర్ రింగు రోడ్డు మీద నూరు స్పీడుల పోయినా గాలి తోపు ఈ ప్లేటు మీద మూడు కిలోలకు మించది. ఇప్పుడే లెక్క చేసిన.

మామ: గాలికి ఆగుతది. నీళ్ళకు చెయ్యి లెక్క.

అల్లుడు: నీళ్ళకు?

మామ: వానల మోరీలు పొంగి రోడ్డు మీద మోకాలు లోతు నీళ్ళు నిలుస్తయి కదా, అండ్లకెల్లి పది స్పీడుల తోల్తవు. లెక్క చెయ్యి.

అల్లుడు: గంటకు 10 కిలోమీటర్లు... నీళ్ళ సాంద్రత గాలికి ఎనిమిది వందల రెట్ల పైనే... 23 కిలోలు! 15 స్పీడైతే 50 దాటుతది.

ఇక్కడ నేను కొంచెం అడ్డు తగలాలి. నగరంలో పెద్ద వాన పడ్డ మర్నాడు రోడ్డు పక్కన బురదలో ఏదో కారు ముందు ప్లేటు పడి ఉండటం చూసే ఉంటారు. వెనక ప్లేటు అట్లా దొరకడం అరుదు. వరద నీటికి ఎదురు పోయేది ముందుదే. పట్టు ప్లాస్టిక్‌లో దిగిన రెండు స్క్రూల మీదే. పైన రెండు స్క్రూలే ఉంటే నీళ్ళు కింది అంచును లేపి, ప్లేటును మీటలాగా పైకి వంచి, స్క్రూలను బెజ్జాల్లోంచి పెరికేస్తాయి. స్క్రూ ఎంత ఖరీదైనదన్నది అప్పుడు పనికిరాదు. కింద కూడా రెండు చోట్ల పట్టు ఉందా లేదా అన్నదే పనికొస్తుంది. మామ ఈ సంగతిని లెక్కలతో కాక చూపుతో తెలుసుకున్నాడు.

అల్లుడు: అట్లైతే ముందట నాలుగు స్క్రూలు. స్టీల్‌వేనా?

మామ: స్టెయిన్‌లెస్ 304. మంచిదే. అయస్కాంతం పెట్టి చూస్తున్నవా? పెట్టకు. అంటుకుంటే దొంగ మాల్ అనుకుంటరు. బోల్టు తలను చల్లగనే కొట్టి చేస్తరు, ఆ దెబ్బకు 304 కూడ జర అంటుకుంటది. రాణిగంజ్‌ల గిదే ముచ్చట మీద ఎన్ని కొట్లాటలో.

అల్లుడు: మరి స్టెయిన్‌లెస్ స్టీలును అల్యూమినియం మీద పెడ్తే, తడి తగిలినప్పుడు రెండు లోహాల నడుమ బ్యాటరీ లెక్క కరెంటు పుట్టి అల్యూమినియం తినేస్తదని చదివిన. దానికంటె జింక్ పూత మామూలు బోల్టే నయం కదా? జింకు, అల్యూమినియం దగ్గరి చుట్టాలు.

మామ: చదివింది నిజమే, సగం. తినుడు ఏది పెద్దగుంది, ఏది చిన్నగుంది అన్నదాన్ని బట్టి ఉంటది. పెద్ద అల్యూమినియం రేకు, చిన్న స్టీలు బోల్టు: ఏండ్లకేండ్లు పడ్తది. అదే పెద్ద స్టీలు రేకుకు చిన్న అల్యూమినియం రివిట్ కొట్టినవనుకో, రివిట్‌ను తొందరగ మింగుతది. విశాఖ బీచ్ రోడ్డుల ఉప్పుగాలికి ఉండే బండైతే నేనూ ఆలోచిస్త. మనది దక్కన్ పీఠభూమి. నైలాన్ వాచర్ ఒకటి నడుమ పెడ్తే రెండు లోహాలు ముట్టుకోనే ముట్టుకోవు. జింక్ బోల్టుది ఏంటంటే, స్క్రూడ్రైవర్ పెట్టి రెండు సార్లు తిప్పితే తల మీద పూత పోతది. రెండో వానకు ఎర్రగ కారుతది ప్లేటు మీద.

అల్లుడు: ఒక సీసా లాక్‌టైట్ కూడ ఇయ్యి. వణుకుకు లూజైతయంటివి కదా.

మామ: ఎనుక ఇనుప నట్టుల అయితే ఒక్క చుక్క, నీలిది. ముందట బంపర్ కాడ వద్దు. ఆ రసానికి కొన్ని ప్లాస్టిక్‌లు పగుల్తయి. అక్కడ బెజ్జం సరిగ్గ కొట్టుడే మందు. ఇంతకు ఏ ప్లేటుకు ఇదంత? జర తే సూద్దాం.

అల్లుడు తెచ్చిన ప్లేటును మామ తిప్పి చూశాడు. తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు, కింద కారు కంపెనీ పేరు, ఓ మూల చిన్న గణపతి. చక్రం గుర్తున్న హోలోగ్రాం లేదు, లేజర్‌తో చెక్కిన వరుస నంబరు లేదు. పంచాయితీ అసలు ఇక్కడ మొదలైంది.

మామ: దీనికి నేను బోల్టు ఇయ్య.

అల్లుడు: ఎందుకియ్యవు? షాపు పెట్టింది అమ్మనీకే కదా.

మామ: హై సెక్యూరిటీ ప్లేటు పెట్టించుకో. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు కంపెనీయే ఇస్తున్నది. అంతకు ముందు బండ్లకు కూడ పెట్టించుకోవాలని మన రవాణా శాఖ 2025ల ఉత్తర్వు ఇచ్చింది. ఆన్‌లైన్‌ల బుక్ చేసుకో. ఏపీ 09 అట్లనే ఉంటది, నంబరు మారదు. దానికి బోల్టులే ఉండవు, స్నాప్ లాక్‌లు ఉంటయి.

అల్లుడు: అదే నాకు వద్దంటున్న. స్నాప్ లాక్ అంటే ఏంది? తోస్తే లోపలికి పోయి అవతల రెక్కలు విప్పుకుంటది. లాగితే రాదు. తియ్యాలంటే విరగ్గొట్టాలె. విరిగింది మల్ల పనికిరాదు. నా బండి మీద నేను స్క్రూడ్రైవర్ పెట్టొద్దని గవర్నమెంటు తాళమేసినట్టు.

మామ: నీ బండి మీద కాదు. నంబరు మీద. బండి నీది, నంబరు నీది కాదు.

అల్లుడు: ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుల ఫ్యాన్సీ నంబరుకు లక్షలు పాడిన మనిషికి చెప్పు ఆ మాట.

మామ: పాడుకున్నోనికి కూడ అంతే. ఆ నంబరును వాని బండికి కేటాయించింది రిజిస్టర్ చేసే అధికారి. వాడు లక్షలు పెట్టి కొన్నది వరుసల ముందు నిలబడే హక్కు. ఆ అంకెలను తనకు నచ్చినట్టు రాసుకునే హక్కు కాదు. అక్షరం ఎంత ఎత్తుండాలె, ఎంత లావుండాలె, నడుమ ఎంత జాగుండాలె, అన్నీ 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల రాసిపెట్టి ఉన్నయి. కారు నంబరు అంకె 65 మిల్లీల ఎత్తు. నీ ప్లేటు మీది గణపతి ఎన్ని మిల్లీలు?

అల్లుడు: గణపతిని ఇడువు. మొట్టమొదట 1893ల పారిస్ పోలీసులు బండ్లకు ప్లేటు పెట్టమన్నప్పుడు దాని మీద ఉన్నది ఓనరు పేరు, అడ్రసు, పర్మిట్ నంబరు. ప్లేటంటే ఓనరు తన పేరు తాను చెప్పుకునుడు. మనిషి తన పేరు తాను చెప్పుకుంటుంటే నోటికి తాళమెందుకు?

మామ: చెప్పుకోమన్నది పోలీసులే కదా. ఓనర్లు వాళ్ళంతట వాళ్ళు రాసుకున్నరా?

ఈ జవాబుకు అల్లుడు నవ్వాడు గాని ఒప్పుకోలేదు. అతను ఒప్పుకోకపోవడమే న్యాయమని నాకనిపిస్తుంది. సొంత వస్తువు విప్పి చూసుకునే హక్కు గురించి అమెరికాలో రైతులు ట్రాక్టర్ కంపెనీలతో ఏళ్ళుగా పోరాడుతున్నారు. విప్పలేని స్క్రూ అంటే ఏదో ఒక చోట, మనం విప్పకూడదని ఇంకెవరో తీసుకున్న నిర్ణయం. ఆ మాటకొస్తే స్క్రూ తల మీది ప్లస్ గుర్తు కూడా అట్లాంటిదే. హెన్రీ ఫిలిప్స్ 1936లో అమెరికాలో పేటెంటు తీసుకున్న ఆ తలను మొదట్లో పెద్ద ఎత్తున వాడింది కాడిలాక్ కార్ల తయారీలో. కంపెనీలో మిషను తిప్పేవాడికి సులువుగా కుదిరింది. ఇంటి దగ్గర అరిగిపోయిన స్క్రూడ్రైవర్‌తో తిప్పేవాడికి మాత్రం జారి జారి తల గుండ్రమయ్యేది. ఎర్రగడ్డ సండే మార్కెట్లో కొన్న పాత స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతి ఇంటికీ ఈ బాధ తెలుసు.

అల్లుడు: అసలు నాకు వచ్చే కష్టం చెప్త విను. ముందట బంపర్‌ను ఎవడో ఆటోవాడు గీకిండు. షెడ్డుకిస్త. రంగు వెయ్యాలంటే ప్లేటు తియ్యాలె. స్క్రూలైతే రెండు నిమిషాలు. స్నాప్ లాక్ అయితే విరగ్గొడ్తరు. విరగ్గొట్టేటప్పుడు ప్లేటు వంగితే మల్ల కొత్త ప్లేటు, మల్ల బుకింగ్, మల్ల సెలవు. హైదరాబాద్‌ల ఏడాదికొకసారి బంపర్ గీక్కుపోని బండి ఉందా?

మామ: అది నిజం. కాదన.

అల్లుడు: ఇంకోటి. లాక్ వేసేది దేనికి? ప్లాస్టిక్ బంపర్‌కు. బంపర్ ఆగేది దేనికి? క్లిప్పులు, నాలుగైదు స్క్రూలకు. దొంగకు ప్లేటే కావాలంటే బంపర్ విప్పి పట్టుకపోతడు. తాళం గట్టిది పెట్టి తలుపు అట్టతోటి చేసినట్టు.

మామ: దొంగ బంపర్ విప్పుకుంట కూసుంటడా? మీ ఆఫీసు బేస్‌మెంట్ పార్కింగ్‌ల రాత్రి పన్నెండుకు వానికి ఒక్క నిమిషం దొరుకుతది. బోల్టైతే ఒక్క నిమిషం చాలు. తీస్కపోయి అదే కంపెనీ, అదే రంగు బండికి పెట్టుకుంటడు. నీకు తెల్లారి ప్లేటు లేని సంగతి తెలుస్తదో లేదో, చలాన్లు మాత్రం నీ ఫోనుకు వస్తయి. లాక్ ఉంటే విరగ్గొట్టాలె. విరిగిన సంగతి నీకు కనబడ్తది, పోలీసోల్లకు కనబడ్తది. లాక్ దొంగను ఆపనీకే ఉందనుకుంటున్నవు. అది ఉన్నది, తీసింది తెల్వనీకి.

అల్లుడు: మామా, ఈ రోజుల్ల దొంగ నా ప్లేటు ఎందుకు దొంగిలిస్తడు? నా నంబరు చూసి సందుల షాపుల అదే నంబరు ఇంకొకటి చేయించుకుంటడు. నా ప్లేటు నా బండికే భద్రంగ తాళమేసి ఉంటది. చలాన్లు మాత్రం నాకే వస్తయి. అప్పుడు నీ లాక్ ఏం చేస్తది?

మామ: సందుల షాపోడు రేకు చేస్తడు. చక్రం హోలోగ్రాం చేస్తడా? వేడి మీద ఒత్తిన అది పెరికితే చినుగుతది. లేజర్ నంబరు ప్లేటుకొకటి, అది నీ బండి రికార్డుల ఎక్కుతది. ముందటి అద్దం లోపల మూడో ప్లేటు లెక్క స్టిక్కర్ ఒకటుంటది, దాని మీద ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు. పెట్రోల్ బండికి లేత నీలం, డీజిల్‌కు నారింజ. పోలీసాయన ఆపి చూస్తే మూడూ కలవాలె.

అల్లుడు: ఆపి చూస్తే! హైటెక్ సిటీ సిగ్నల్ కాడ ఆపి చూసేదెవరు? చూసేది కెమెరా. కెమెరాకు లేజర్ నంబరు కనబడదు, హోలోగ్రాం కనబడదు. దానికి నల్ల అంకెలు, తెల్ల రేకు, అంతే. తాళం పెట్టింది పోలీసు బండిని చేత్తో పట్టుకుని చూసే కాలం కోసం. చలాను రాస్తున్నది కెమెరా కాలం.

నా లెక్కలో అల్లుడి వాదనలన్నింట్లో పదునైనది ఇదే. మామ దగ్గర దీనికి సరైన జవాబు లేదు, ఉందని నేను కల్పించను. కానీ కెమెరా విషయంలో బోల్టుకూ ఒక పాత్ర ఉందని అతను చెప్పిన మాట రాయదగ్గది.

మామ: కెమెరా అంటివి కాబట్టి చెప్తున్న. నీ ప్లేటుకు షెడ్డోడు బెజ్జం ఎక్కడ కొట్టిండో చూసినవా? 3కు, 1కి నడుమ. ఆడ నల్ల తల బోల్టు పెడ్తే దూరం నుంచి అంకెకు తోక మొలిచినట్టు కనబడ్తది. మనిషి కన్ను సర్దుకుంటది, కెమెరా సర్దుకోదు. బెజ్జాలు అంకెల మీద గాని నడుమ గాని రావొద్దు. తప్పదంటే తెల్ల జాగల తెల్ల టోపీ, నల్ల గీత మీద నల్ల టోపీ.

అల్లుడు: ఇంత తెల్సినోనివి, బోల్టు ఇయ్యనంటవు. ఎవని మీద అనుమానం నీకు? దొంగ మీదనా, నా మీదనా?

మామ: రూలుకు ఇద్దరి మీద అనుమానమే. ప్లేటు పైకి మలుచుకునేటోడు, ఆఖరి అంకెకు మాస్కు తగిలించేటోడు, ఒక అంకె గీకేటోడు దొంగ కాదు బిడ్డా, ఓనరే. ఇయ్యాల ఫ్లైఓవర్ ఎక్కే ముందు నీ పక్కన పోయిన బైకులు చూడలేదా? బోల్టు ఉంటే ఇంకా అల్కగ తీసి సీటు కింద పెట్టుకుంటడు.

అల్లుడు: మరి నువ్వు?

మామ: నేనేంది?

అల్లుడు: ఉద్యమం టైముల నీ స్కూటర్ ప్లేటు మీద ఏపీ గీకి టీజీ రాసుకున్నది ఎవరు? అప్పటికి రాష్ట్రమే రాలేదు. 2014ల రాష్ట్రం వచ్చినంక కోడ్ టీఎస్ అన్నరు, టీజీ కూడ కాదు. టీజీ అయింది 2024 మార్చిల. అంటే నువ్వు పదేండ్లకు పైన ముందే, ఏ అధికారీ ఇయ్యని కోడ్‌ను నీ బండికి నువ్వే ఇచ్చుకున్నవు. నంబరు నాది కాదంటివి. అప్పుడు ఎవరిది?

మామ కాసేపు డబ్బాల్లోని వాచర్లు సర్దాడు. తెలంగాణ ఉద్యమ కాలంలో హైదరాబాద్‌లో, జిల్లాల్లో వేలాది బండ్ల మీద ఈ గీకుడు జరిగింది. నంబరు ప్లేటు రాజ్యానిదన్న మాటను అంత బాహాటంగా ధిక్కరించిన సందర్భం ఇంకొకటి నాకు తోచదు. అల్లుడికి ఆ రోజుల్లో పదేళ్ళు పైబడి ఉండొచ్చు. చూసింది గుర్తుంది.

మామ: రాసిన. గీకి రాసిన. కాని రెండు అక్షరాలే మార్చిన. ఏపీ పక్కనున్న 11 మార్చలే, దాని ఎనుక నాలుగు అంకెలు ముట్టుకోలే. నన్ను ఎవరన్న పట్టుకోవాలంటే ఆ అంకెలతోని పట్టుకోవచ్చు. పట్టుకోవాలనే రాసిన. పోలీసాయన ఆపితే ఎందుకు రాసినవని అడగాలె, నేను చెప్పాలె. నువ్వు అడిగే బోల్టు ఎందుకు? ఎవరికీ తెల్వకుంట విప్పనీకి.

అల్లుడు: నేను బంపర్‌కు రంగు వెయ్యనీకి విప్పుత!

మామ: నువ్వు రంగుకు విప్పుతవు. నీ ఎనుక వచ్చేటోడు దేనికి విప్పుతడో నేను అడిగి అమ్ముతనా? డబ్బాల బోల్టు ఒక్క తీరుగనే ఉంటది.

అల్లుడు: ఈ అనుమానంతోనే రూల్ చేసి ఇరవై ఏండ్లు గడిపిండ్రు. 2001ల ఈ ప్లేటు కోసం నిబంధన మార్చిండ్రు. ఆ డిసెంబరుల పార్లమెంటు మీద దాడి జరిగింది. దొంగ గుర్తింపు పెట్టుకున్న కారు లోపలికే వచ్చింది. అప్పుడన్న రాష్ట్రాలు కదలలే. బిట్టా అనే ఆయన సుప్రీంకోర్టు చుట్టూ తిరిగితే, కోర్టు రాష్ట్రాలకు చీవాట్లు పెట్టి 2012ల గడువులు పెడ్తే, అప్పుడు జర కదిలిండ్రు. అంత పెద్ద ప్రమాదమైతే గవర్నమెంట్లే ఎందుకు నిద్రపోయినయి?

మామ: పార్లమెంటు కారు మీద ఉన్నది దొంగ స్టిక్కర్. హోం శాఖ స్టిక్కర్.

అల్లుడు: అదే నేనంటున్న! స్టిక్కర్ చూసి లోపలికి పంపిండ్రు. ప్లేటుకు తాళముంటే ఏమన్న ఆగేదా?

మామ: ఆగకపోవు. ఎవరి కారో ఎంబడే తెల్సేది. నువ్వు ప్రతిసారి ఆపుడు గురించి మాట్లాడ్తవు, నేను తెల్సుడు గురించి మాట్లాడ్తున్న.

ఇద్దరూ అదే చోట తిరగడం మొదలుపెట్టారు కనుక ఈ భాగాన్ని కొంత కత్తిరిస్తున్నాను. ఈ నడుమ అల్లుడు, పిన్ను ఉన్న టార్క్స్ తల స్క్రూలూ, ఒకవైపే తిరిగే స్క్రూలూ ఫోనులో చూపించాడు. దొంగకు కష్టం, తనకు సులువు కాబట్టి మధ్యేమార్గమన్నాడు. వాటి బిట్లు కూడా అదే ఫోనులో దొరుకుతాయి కదా అని మామ కొట్టేశాడు. పైకి లేచిన గుండ్రటి తలైతే బిట్టు కూడా అక్కర్లేదని, పట్టకారు చాలని అన్నాడు. అది న్యాయమే. చివరికి అల్లుడు ఒక మెట్టు దిగాడు.

అల్లుడు: సరే. హై సెక్యూరిటీ ప్లేటే బుక్ చేస్త. ముందటిది నీళ్ళకు పోకుంట ఏం చెయ్యాలె? వాళ్ళు ఒట్టిగ రెండు లాక్‌లు బంపర్‌కు కొట్టిపోతరు.

మామ: ఇప్పుడు అడిగినవు మంచి మాట. ముందటి ప్లేటు ఎనుక ఫ్రేము పెట్టించు. ప్లేటు అంత ఎడల్పు గట్టి ఫ్రేము, బంపర్‌కు నాలుగు చోట్ల బోల్టు. పైన రెండు, కింద రెండు. అవతల దిక్కు ఎడల్పు వాచరు, నైలాక్ నట్టు. దాంట్ల నైలాన్ రింగు ఉంటది, వణుకుకు తిరగదు. ఫ్రేము మీద ప్లేటు, ప్లేటుకు వాళ్ళ స్నాప్ లాక్. నీళ్ళు ఫ్రేమును తోస్తే నాలుగు బోల్టులు పంచుకుంటయి. ఇగో, ఎమ్ సిక్స్, 304, 20 మిల్లీలు, నాలుగు. నట్టులు నాలుగు. వాచర్లు ఎనిమిది.

అల్లుడు: మామా.

మామ: ఏంది?

అల్లుడు: లాక్ ప్లేటును ఫ్రేముకు పట్టుకుంటది. ఫ్రేమును బండికి పట్టుకునేది నువ్విచ్చిన ఈ నాలుగు బోల్టులు. నాలుగు విప్పితే, లాక్ విరగకుంట, హోలోగ్రాం చినగకుంట, ప్లేటు ఫ్రేముతో సహా నా చేతిలకు వస్తది. నాకు కావాల్సింది అదే!

మామ: ...

అల్లుడు: ఇయ్యనంటివి. ఇచ్చినవు.

మామ: నట్టులు అవతల దిక్కు కదరా. ఫ్రేము తియ్యాలంటే ముందు బంపర్ తియ్యాలె. బంపర్ తియ్యనీకి షెడ్డుకు పోవాలె. దొంగకు ఒక్క నిమిషంల కాదు.

అల్లుడు: నాకు కూడ కాదు. రంగు వెయ్యనీకి బంపర్ ఎట్లాగూ షెడ్డోడే తీస్తడు. అప్పుడు నట్టులు అవతల దిక్కు వానికే దొరుకుతయి. అంటే ఒప్పుకున్నట్టేనా, ప్లేటు విప్పే హక్కు ఉండాలని?

మామ: ఒప్పుకోలే. విప్పనీకి సగం రోజు పట్టాలె అన్న. అది నీకు హక్కు లెక్క కనబడ్తే నీ ఇష్టం. ఎనుకదానికి మాత్రం ఫ్రేము వద్దు, అక్కడ నీళ్ళు కొట్టవు. లాక్ నేరుగ డిక్కీ రేకుకే కొట్టమను.

అల్లుడు: ఎనుకది విప్పాలంటే?

మామ: విరగ్గొట్టి, పోయి చెప్పుకో. పైసలు తియ్యి. పాత ప్లేటు ఈడనే పెట్టి పో, నేను గణపతిని జాగ్రత్తగ తీసి ఇస్త.